సుత్తి లేని టూర్లు

జియాలజీలో ఫీల్డు అంటే మాకు షికారు కాదు, పేపరు. తక్కిన పేపర్లలాగే దానికీ మార్కులు, వైవా. తప్పితే డిగ్రీ ఆగిపోయేది. ఇప్పటి పిల్లలు దానికి ‘టూరు’ అని పేరు పెట్టారు. టూరు గనక ఏసీ బస్సు, టూరు గనక రిసార్టు, టూరు గనక మొదటి రాత్రే క్యాంప్‌ఫైరు. రాళ్ల సంగతా? మధ్యాహ్నం భోజనాలయ్యాక, టైముంటే.

డెబ్బైల మొదట్లో మేం సంక్రాంతి సెలవులివ్వగానే రైల్వే రాయితీ ఫారం మీద డిపార్ట్‌మెంటు ముద్ర వేయించుకుని, థర్డ్ క్లాసులో కడప వైపు బయల్దేరేవాళ్లం. పడక ఏ ఊరి హైస్కూలు వరండాలోనో. వంటమనిషిని మేమే వెంట తీసుకెళ్లేవాళ్లం. ఒక్కొక్కడి సంచిలో సుత్తి, క్లైనోమీటరు, లెన్సు, అట్టబైండు నోటుబుక్కు, గుడ్డసంచులు, పలచన చేసిన హైడ్రోక్లోరిక్ యాసిడ్ బుడ్డి. టోపోషీటు మాత్రం మాస్టారి దగ్గరే ఉండేది. సముద్రం ఒడ్డు షీట్లయితే రిస్ట్రిక్టెడ్ అని సంతకం పెట్టి తెచ్చేవారు, పోతే ఆయన ఉద్యోగానికే ఎసరు. ఇప్పుడా మ్యాపులు ఫోన్లోకి ఊరికే వచ్చిపడుతున్నాయి. వచ్చి ఏం లాభం? ఎండలో నిలబెట్టి ఉత్తరం ఎటోయ్ అంటే ఫోను తిప్పుతారు, సూర్యుణ్ణి చూడరు.

మా మాస్టారు ఖాకీ నిక్కరు, కాన్వాసు బూట్లు, తలకి తువ్వాలుతో అందరికంటే ముందు నడిచేవారు. జవాబు మాత్రం చచ్చినా చెప్పేవారు కాదు. వేంపల్లె దగ్గర ఒకసారి బూడిదరంగు రాయి చూపించి యాసిడ్ వెయ్యమన్నారు. వేశాను.

“ఏమోయ్, పొంగిందా?”

“లేదండీ.”

“మరి నిన్న నార్జి రాయి పొంగిందిగా?”

“బుసబుసా పొంగిందండీ. అది సున్నపురాయి. ఇది కాదండీ.”

“కాకపోతే ఏమిటి? సుత్తి మొనతో గీకు. ఆ పొడి మీద వెయ్యి.”

గీకి, పొడి మీద చుక్క వేస్తే చిన్నగా నురగ కట్టింది. డోలమైటు. చల్లటి యాసిడ్‌కి రాయిగా ఉన్నప్పుడు పలకదు, పొడిగా ఉంటే పలుకుతుంది. పుస్తకంలో అర వాక్యం అది, మేమంతా చదివిందే. అయినా మిట్టమధ్యాహ్నం నిలబెట్టి మా చేతే గీకించారు. ఇప్పుడు ఆ రాయి ముందు నిలబడి సెల్ఫీ తీసుకుంటారు, పేరు గైడు చెప్తాడు, సాయంత్రానికి పీపీటీలో స్లైడయిపోతుంది.

గైడంటే గుర్తొచ్చింది. ఆ కడప, కర్నూలు కొండలన్నీ తిరిగి జియలాజికల్ సర్వే తరఫున విలియం కింగ్ రాసిన నివేదిక 1872లో అచ్చయింది. అదే కింగు బొర్రా గుహల్ని 1807లో కనిపెట్టాడని గైడ్లు దశాబ్దాలుగా అప్పజెప్తున్నారు. జియలాజికల్ సర్వే పుట్టిందే 1851లో! ‘ఆ లెక్క ఎలా కుదిరిందండీ’ అని ఒక్క కుర్రాడైనా అడగాలా? అడగడు, వీడియో తీసుకుంటాడు. పక్కన మేష్టారు కూడా తీసుకుంటాడు, అదీ నా కడుపుమంట. ప్రయాణం ఏజెన్సీకి, వివరణ గైడుకి అప్పగించేశాక ఈయన చేతిలో మిగిలింది అటెండెన్సు షీటు.

అన్నీ పాడైపోయాయని అనను. మా బ్యాచ్‌లో ఒక్క ఆడపిల్లా లేదు. ఫీల్డు ఉందనే ఇళ్లల్లో ఈ సబ్జెక్టుకి పంపేవాళ్లు కాదు. ఇప్పుడు ఆడపిల్లలే ముందు గట్టెక్కి కింద ఉన్న మగపిల్లలకి చెయ్యందిస్తున్నారు. సుత్తి విషయంలోనూ కొంత నోరు మూసుకుంటాను. తలా ఒక ముక్క కొట్టుకుపోతే అరుదైన రాతిపొరలు మిగలవు. కొట్టొద్దు, ఒప్పుకున్నా. చూడొద్దని ఎవరన్నారు?

మా మనవరాలు అమెరికాలో చదువుతోంది. మొన్న ఫోన్లో, “తాతయ్యా, మా ప్రొఫెసరే దగ్గరుండి ఐస్‌లాండ్ తీసుకెళ్తారు, దానికి క్రెడిట్లు కూడా ఇస్తారు, భలే కొత్త పద్ధతి” అంది. కొత్త పద్ధతట! ఉత్తర అమెరికా, యురేషియా ఫలకాలు ఏడాదికి రెండేసి సెంటీమీటర్లు ఎడమవుతున్న చోటు, వెళ్లాల్సిందే. క్రెడిట్లకి ఫీజు వేరు, విమానం టికెట్ వేరు అని విన్నాక మాత్రం మా అల్లుడి మీద జాలేసింది. మా మొత్తం ఖర్చు రాయితీ టికెట్టు, మెస్సు చందా. అయినా ఆ ప్రొఫెసరు వాళ్లతోపాటు నడుస్తాడట, రాత్రి నోటుబుక్కులు దిద్దుతాడట. ఆ ముక్క విన్నాక ఫీజు గురించి ఇంకేం మాట్లాడలేదు.

ఇక్కడ మన ఇంటి ముంగిట ఉన్నదాన్ని చూడ్డానికి విమానం అక్కర్లేదు. తిరుమల ఘాట్‌రోడ్డు పక్కనే కింద పాత గ్రానైటు, దాని మీద కడప కాలపు క్వార్ట్‌జైటు. రెంటికీ నడుమ దాదాపు 80 కోట్ల ఏళ్ల చరిత్ర గల్లంతు. అది జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. మాస్టారు మా చేత ఒక అరచెయ్యి కింది రాయి మీద, ఇంకోటి పై రాయి మీద పెట్టించి, “ఈ మధ్యలో ఏమైంది?” అని అడిగారు. ఒకడు “దేవుడికే తెలియాలండీ” అన్నాడు. ఎక్కడ నిలబడి అన్నాడో చూడండి! నవ్వారు గానీ మార్కులు వెయ్యలేదు. కొంత కాలం అసలు మట్టే పేరుకోలేదా, పేరుకున్నది కొట్టుకుపోయిందా, ఏ ఆధారంతో చెప్తావ్ అని రాత్రి భోజనాల దాకా వదల్లేదు.

ఈ ఏడు ఒక కాలేజీవాళ్లు తిరుపతి టూరుకి నన్నూ రమ్మన్నారు, ‘రిసోర్స్ పర్సన్’గానట. ఘాట్‌రోడ్డు పొర దగ్గర ఎంతసేపు ఆగుతారని అడిగాను. కార్యక్రమంలో అది లేదు సార్, బస్సులోంచి చూపిస్తాం, ఎడమవైపు కూర్చున్నవాళ్లకి బాగా కనిపిస్తుంది అన్నారు. సీటు వద్దు, ముందే అనుమతి తీసుకుని బస్సు ఆపించండి, రిపోర్టులు పిల్లల చేతే రాయించండి, ఆ రెండూ కుదిరితే సొంత ఖర్చుతో వస్తానన్నాను. ప్రిన్సిపాల్‌గారితో మాట్లాడి చెప్తామన్నారు. ఇంకా ఫోను రాలేదు.