అరచేతిలో బుద్ధుడు

అరచేతిలో వైకుంఠం చూపించడం నాయకులకే చేతనవుననుకున్నాం. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద సందర్శకులు ఏకంగా హుస్సేన్‌సాగర్ మధ్యలో నిలబడ్డ బుద్ధుణ్ణే చూపిస్తున్నారు! ఫొటోలో విగ్రహం అరచేతిలో నిలబడ్డట్టు పడాలని ఒకాయన రెయిలింగ్ దగ్గర చెయ్యి చాపుతాడు. బామ్మర్ది ఫోను పట్టుకుని గొంతుక్కూర్చుంటాడు. "బావా, కొంచెం ఎడమకి... పైకి... అయ్యో, బుద్ధుడు జారిపోయాడు!"

ఒకప్పుడు నిజంగానే జారిపోయాడు. 1990లో తరలిస్తుండగా విగ్రహం హుస్సేన్‌సాగర్‌లో పడింది, కొందరి ప్రాణాలు పోయాయి. మళ్లీ లేపి నిలబెట్టేసరికి 1992 వచ్చింది. ఇప్పుడు మనవాళ్లు అరచేత్తో మూడు సెకన్లలో ఎత్తేస్తున్నారు.

ఇక గట్టు మీది విగ్రహాల సంగతి. పేరున్న పలక కింద ఉంటుంది, సెల్ఫీలో మన తల సరిగ్గా దానికే అడ్డం.

"నాన్నా, వెనకాల ఎవరు?"

"ఎవరో తాతగారులే, నువ్వు నవ్వు!"

ఆ తాతగారు తిక్కన. భారతంలో 15 పర్వాలు తెనిగించాడు. ఆయనకి మనం ఇచ్చేది 15 సెకన్లు, అందులో 14 మన జుట్టు సర్దుకోవడానికే.

ఫొటోలు దిగండి, ఎవరొద్దన్నారు? దిగేముందు ఆ పలక ఒక్కసారి చదవండి. దానికి ఛార్జింగ్ కూడా అక్కర్లేదు.