వరుణదేవుడికి వియత్నాం విన్నపం

శ్రీ వరుణదేవుల వారి దివ్యసముఖానికి,

బెజవాడలో ఓ సర్కారు బడి పంతులు సాష్టాంగపడి రాసుకునే అర్జీ. ఆగ్నేయ దిక్కుకు అధిపతి అగ్నిదేవుడనీ, తమరిది పడమర అనీ మా వాస్తు పండితులు చెబుతారు. మరి ఆగ్నేయాసియా మీద తమరి పెత్తనమేమిటో మీరూ మీరూ తేల్చుకోండి. నా గోడు వియత్నాం గురించి.

మా ఇంటిల్లిపాదికీ ఇదే మొదటి విదేశయాత్ర. మనిషికి 25 డాలర్లు కట్టి ఈ-వీసా తీసుకుంటే 90 రోజుల దాకా ఉండనిస్తారు. నా జీతం మాత్రం వారానికి మించి ఉండనివ్వదు. అంచేత ఆ ప్రభుత్వంతో నాకే పేచీ లేదు. పేచీ అంతా తమరితోనే.

మా ఆవిడకు హాలాంగ్ బేలో ఓ రాత్రి పడవలో గడపాలని ఉంది. పిల్లాడికి డానాంగ్ దగ్గర బానా కొండల మీద రెండు పెద్ద చేతులు మోస్తున్నట్టుండే బంగారు వంతెన చూడాలి. (ఆ చేతులు రాయి కాదు, ఫైబర్‌గ్లాస్. వాడికింకా చెప్పలేదు.) అమ్మకు మీసన్ శివాలయాలు. చంపా రాజులు నాలుగో శతాబ్దం నుంచి భద్రేశ్వరుణ్ణి కొలిచిన చోటది. 1969లో అమెరికా బాంబులకు అక్కడ చాలా గుళ్లు కూలాయి. నిలిచినవాటిలో కొన్నింటిని మన పురావస్తు శాఖ వాళ్లే వెళ్లి బాగుచేశారు. ఆ పనిలోనే 2020లో ఇసుకరాతి శివలింగం బయటపడింది. వార్తల్లో అది చూసింది మొదలు అమ్మ తిరణాలకు బయల్దేరినట్టు సంచి సర్దుతోంది. అక్కడ కూరల్లో చేపల పులుసు లాంటిదేదో పోస్తారని తెలిసి కందిపొడి కూడా సంచిలోకి చేరింది.

దసరా సెలవులకు వెళ్దామా అంటే అది డానాంగ్ తీరానికి తుఫాన్ల కాలం. ఎదురుగా సముద్రం, వెనక కొండలు, ఈశాన్యపు గాలి. మా నెల్లూరుకు అక్టోబరు, నవంబరుల్లో పోసే వానే అక్కడా పోస్తారు కదా! పక్కనే ఉన్న హోయ్ ఆన్‌లో తాన్‌కీ అనే పాత ఇంట్లో ఏ ఏడు నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో గోడ మీద గుర్తులు పెట్టి ఉంచారు. ఆ గుర్తులు చూడ్డానికి వస్తాం గానీ కొత్త గుర్తుకు సాక్షి సంతకం పెట్టడానికి రాలేం స్వామీ.

సంక్రాంతికంటే హనోయ్‌లో చలి, హాలాంగ్ కొండల మీద మంచు తెర. అదే రోజున సైగాన్‌లో ముచ్చెమటలు. ఆ రెండు ఊళ్ల మధ్య రైలు దారి 1,726 కిలోమీటర్లు, ముప్పై గంటల పైమాటే. ఒకే పెట్టెలో అమ్మకు మంకీ క్యాపూ, పిల్లాడికి నిక్కర్లూ సర్దాలా? మా వీధి ట్రావెల్స్ కుర్రాడైతే హనోయ్, డానాంగ్, సైగాన్ మూడూ వారంలో తిప్పేస్తానంటాడు. అది దేశం చూడటం కాదు, విమానాశ్రయాలు చూడటం.

ఇక మిగిలింది వేసవి. మే వచ్చేసరికి హనోయ్‌లోనూ సైగాన్‌లోనూ తమరు వానలు మొదలుపెడతారు, డానాంగ్ వైపు మాత్రం పొడిగా వదిలేస్తారు. ఎండ 35 దాటుతుందని అందరూ భయపెడుతున్నారు. బెజవాడ వాళ్లనా! ఏప్రిల్ 30, మే 1 వియత్నాంలో జాతీయ సెలవులు, హోటల్ గదులు దొరకవు. ఆ తాకిడి తగ్గాక మే రెండో సగంలో వెళ్తాం. హోయ్ ఆన్‌లో ప్రతి చాంద్రమాసం పద్నాలుగో రాత్రి పాత ఊళ్లో కరెంటు దీపాలు తగ్గించి లాంతర్లు వెలిగిస్తారట. మర్నాడు పౌర్ణమికి చాలామంది బౌద్ధులు శాకాహారమే తింటారు కాబట్టి అమ్మకూ కాస్త వెసులుబాటు. ఆవిడ ఇప్పటికే పంచాంగంలో చతుర్దశి వెతికేసింది.

కాబట్టి డానాంగ్, హోయ్ ఆన్, మీసన్, అంతే. హాలాంగ్ బే గురించి మా ఆవిడ తమరికి విడిగా అర్జీ పెట్టుకుంటానంది. ఆ వారం సాయంత్రాలు నాలుగు చినుకులు పడితే సర్దుకుంటాం, అంతకుమించి వద్దు. టికెట్లు రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి రాదని గమనించగలరు.

ఇట్లు,
తమ విధేయుడు