నగల పెట్టె చేసుకునే పద్ధతి: నంది చుట్టుపక్కల వారికి మాత్రమే

సొంత చేత్తో నగల పెట్టె చేయాలన్న బుద్ధి పుట్టినవారు మొదట చూసుకోవలసింది ఇంట్లో నగలున్నాయా అని. మన చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి వైపు నగలు బోరు వేయించిన ఏడు బ్యాంకుకు పోతాయి, టమాటకు ధర పలికిన ఏడు ఇంటికొస్తాయి. అందువల్ల తొందరేం లేదు, దండిగా తీరిక ఉంది. చింతామణిలో బంగారం, వెండి, రత్నాల వ్యాపారం జోరుగా సాగుతుందని పాత మైసూరు గెజిటీరులోనే రాశారు. సరుక్కు లోటు లేదు. లోటల్లా పెట్టెకే.

ఇక చెక్క. గంధపు చెక్కతో చేస్తే ఆ వాసనే వేరని ఎవరో ఒకరు చెబుతారు. తప్పకుండా వినండి. శ్రీగంధం సర్కారు సొత్తని 1792లో టిప్పు సుల్తాను ప్రకటించాడు. ఆయన చేసిన మిగతా పనులు నచ్చనివాళ్లకు కూడా ఇదొక్కటి నచ్చింది కాబట్టి రాజులు మారినా, దొరలు మారినా హుకుం మారలేదు. మీ పొలంలో మొలిచిన గంధపు చెట్టు మీదేనని 2001లో కర్ణాటక చట్టం సవరించారు. చెట్టు మీదే, నరకాలంటే మాత్రం అటవీ శాఖను అడగాలి. దొంగలకు ఈ బాధ లేదు.

చెక్కలో అలలు తిరిగిన గీతలే కావాలంటే ఎర్రచందనం ఉండనే ఉంది. సరిహద్దు దాటితే శేషాచలం ఎంతో దూరం కాదు. నార మెలికలు తిరిగిన దుంగకు జపానులో షామిసెన్ అనే మూడు తీగల వాద్యం చేసేవాళ్ల దగ్గర మంచి గిరాకీ. 1995 నుంచి ఈ చెట్టు అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉంది. దొంగచాటు దుంగతో పెట్టె మొదలుపెట్టినవారు దాన్ని పూర్తి చేసేలోగా కొన్నేళ్లు ప్రభుత్వ ఖర్చుతో గడపవలసి రావచ్చు. దిగులొద్దు, జైల్లో వడ్రంగం నేర్పుతారు.

మిగిలింది మీ చేని గట్టు మీది సిల్వర్ ఓక్. దాని జోలికి మాత్రం పోకండి. ఊరూరా ఉన్న చెట్టుకు విలువేముంటుంది? ఆస్ట్రేలియా తూర్పు తీరం నుంచి కాఫీ, టీ తోటలకు నీడ కోసం తెచ్చిన చెట్టిది, తోటలు లేని మన గట్లకూ పాకింది. ఆస్ట్రేలియా వాళ్లు కిందటి శతాబ్దం మొదట్లో దీంతో బీరువాలూ మేజాలూ చేయించుకుని ఇళ్లు నింపుకున్నారు. మన దగ్గర ప్యాకింగ్ పెట్టెలకూ ప్లైవుడ్‌కూ పంపిస్తారు. ప్లైవుడ్ కథ మరీ బాగుంటుంది. దిమ్మెను గుండ్రంగా తిప్పుతూ పొరగా ఒలిచి, దాని సొంత గీతలన్నీ పోగొట్టి, పొర మీద పొర అంటించి, పైన చెక్క గీతల బొమ్మ అచ్చేసిన మైకా షీటు పరిచి మనకే అమ్ముతారు. మనం వేలితో తట్టి చూసి, డిజైను బాగుందని కొంటాం.

అయినా మొండికేసి సిల్వర్ ఓక్ దిమ్మెనే మిల్లుకు తోలారనుకోండి. అక్కడ నోరు విప్పకండి. మిల్లువాళ్లు ఒక పక్క నుంచి మొదలుపెట్టి వరసగా పలకలు కొట్టేస్తారు. త్వరగా అవుతుంది, చెక్క వృథా పోదు, గీతలూ కనబడవు. చెట్టులో గుండె నుంచి బెరడు దాకా అడ్డంగా కణాల పట్టీలుంటాయి, ఆహారం పక్కలకు నడిచేది వాటిలోనే. చాలా మానుల్లో అవి కంటికి ఆనవు. సిల్వర్ ఓక్‌లో బాగా వెడల్పు. దిమ్మెను గుండె మీదుగా నాలుగు పాళ్లు చీల్చి, గుండె నుంచి బెరడు వైపు పలక తీస్తే ఆ పట్టీలు పలక ముఖం మీదికొచ్చి చేప పొలుసుల్లా మెరుస్తాయి. అలా తీసిన పలక ఎండకూ వానకూ వెడల్పులో కదిలేది కూడా మామూలు పలకలో ఇంచుమించు సగమే. అందమూ, నిలకడా ఒకే కోతలో దొరికితే వడ్రంగానికి విలువేముంటుంది? కాబట్టి వద్దు.

పలక పచ్చిగా ఉన్నప్పుడే పని మొదలుపెట్టండి. ఆచారి ఉండబట్టలేక, "అన్నా, ఇంకా ఆరలేదు, ఎండ తగిలితే నోరు తెరుస్తుంది" అంటాడు. ముహూర్తం దగ్గరపడిందని చెప్పి ఆయన నోరు మూయించండి. అడుగు పలకను నాలుగు పక్కలా బంకతో బిగించండి. గాడి తీసి అందులో వదులుగా కూర్చోబెడితే చెక్క ఉబ్బడానికీ తగ్గడానికీ చోటుంటుంది, పెట్టె చాలా ఏళ్లు ఉంటుంది. బిగిస్తే రెండో వేసవికే కూసాలు కదిలి, కొత్తది చేసే భాగ్యం కలుగుతుంది.

చిత్రిక పట్టేటప్పుడు మొద్దుబారిన బ్లేడు వాడండి. గీతలున్న చెక్కలో నార ఒకచోట అటూ ఒకచోట ఇటూ తిరుగుతుంది, ఎదురు నార తగిలిన చోటల్లా పొర లేచిపోతుంది. పాతకాలపు ఆచార్లు అలాంటి చోట చిత్రిక పక్కనబెట్టి, పగిలిన గాజు పెంకుతో మెల్లగా గీకేవారు. మీరు లప్పం పెట్టండి. లప్పం కనబడకుండా టేకు రంగు పూయండి. రంగు కింద గీతలు కనబడవు, ప్లైవుడ్‌తో చేసుకున్నా ఇదే వచ్చేదన్న తృప్తి మిగులుతుంది. రంపపు పొట్టు పడి చేతులు దురద పెడితే దిష్టి అనుకోండి. ఈ మాను పొట్టు కొందరి ఒంటికి పడదని, ముక్కుకు గుడ్డ కట్టుకుని పని చేయాలని చెబితే ఎవరు వింటారు?

కొలతలు ఇంట్లో ఆడవాళ్లను అడగకండి. గాజు సైజు 2.6 అంటే రెండున్నర అంగుళాల పైచిలుకు అనుకుని లెక్క వేసుకోండి. నిజానికి రెండంగుళాల మీద పదహారింట ఆరు వంతులు, అదీ లోపలి కొలత. బయటి అంచుల కొలతలో పెట్టెకు సంబంధించింది ఏముంది? గాజులమ్ముతూ బతికిన నారాయణ తాతయ్య కైవారం మనకు ఇంత దగ్గరలో ఉండగా గాజులు పట్టని పెట్టె చేయడానికి కొంత ధైర్యం కావాలి, ఆ ధైర్యం మనకుంది. లోపల ఎర్ర వెల్వెట్, బయట ఇత్తడి గొళ్లెం, చిన్న తాళం. తాళంచెవి పెట్టెలోనే దాచండి.

ఈ సలహాలేవీ నచ్చనివారికి ఒక్క మాట. కర్ణాటకలో పట్టా భూమిలో అనుమతి లేకుండా నరుక్కోదగిన జాతుల్లో సిల్వర్ ఓక్ ఒకటి. మిల్లులో దిమ్మెను నాలుగు పాళ్లు చీల్చి, గుండె నుంచి బెరడు వైపుకు కోయమని దగ్గరుండి చెప్పండి. అంగుళం మందం పలక నీడపట్టున ఆరడానికి దాదాపు ఏడాది పడుతుంది. వచ్చే ఏడు ఇంట్లో పెళ్లున్నవారు ఈ వారమే బయల్దేరండి.