మౌస్ ముట్టని ఎడిటరు

తెనాలి కానివ్వండి, కరీంనగర్ కానివ్వండి, ఫొటో స్టూడియో ఉన్న ప్రతి బజారులోనూ ఇతనుంటాడు. కింద అద్దాల గదిలో ఆల్బమ్‌లు, మేడమీద ఏసీ గదిలో ఇతను. చేసేది పెళ్లి వీడియోల ఎడిటింగు. గుర్తుపట్టడం తేలిక. కీబోర్డు మీద క్యూ, డబ్ల్యూ అక్షరాలు అరిగి మాయమై ఉంటాయి. మౌస్‌ప్యాడ్ మీద టీ గ్లాసు ఉంటుంది. మౌస్ ఎక్కడుందో అడక్కండి, మర్యాదగా ఉండదు.

కొత్తగా చేరిన కుర్రాడు ఎడిటింగు సాఫ్ట్‌వేరు ప్రీమియర్ తెరిచి, సి నొక్కి బ్లేడు తీసి, క్లిప్ మీద గాటు పెట్టి, మళ్లీ వి నొక్కి, అక్కర్లేని ముక్కను పట్టుకుని షిఫ్ట్ డిలీట్ కొట్టాడంటే వాడి పని అయిపోయినట్టే.

“ఒరేయ్, ఒక్క కోతకి ఇన్ని మీటలా? ప్లేహెడ్ అక్కడ నిలిపి క్యూ కొట్టు. ముందున్న చెత్త ఎగిరిపోద్ది, వెనకది జరిగొచ్చి అతుక్కుంటది. వెనకున్న చెత్త పోవాలంటే డబ్ల్యూ. అంతే!”

ఆ మాటలో అబద్ధం లేదు. మూవియోలా యంత్రం మీద ఫిల్ము కోసిన పాతతరం ఎడిటర్లూ చేసింది అదే: అక్కర్లేని ముక్క తీసి రెండు కొసలూ టేపుతో అతికిస్తే, మిగతా రీలంతా దానంతటదే ముందుకు జరిగేది. వాళ్లు మాత్రం కోసేముందు ఒకసారి ఆలోచించేవారు, కోసిన ఫిల్మును మళ్లీ అతకాలి కాబట్టి. మనవాడికి కంట్రోల్ జెడ్ ఉంది.

వీడియో నడపడానికీ మీటలే: జె వెనక్కి, ఎల్ ముందుకు, కె ఆపడానికి. ఎల్ మళ్లీ మళ్లీ నొక్కితే వేగం పెరుగుతుంది. పురోహితుడు గొంతు సవరించుకోగానే ఇతని వేలు ఎల్ మీద పడుతుంది. తలంబ్రాల ఘట్టాన్ని ఆ వేగంలో చూడాలి, రెండు పక్షాలూ కట్నం దగ్గర కొట్టుకుంటున్నట్టే ఉంటుంది.

ఈ అలవాటు మనుషుల మీదికీ పాకింది. పెళ్లికూతురు తండ్రి మెట్లెక్కి వచ్చి, “ఏం బాబూ, బాగున్నావా? ఎండలు చూశావా…” అనేలోపే “విషయం చెప్పండి సార్” అంటాడు. అది క్యూ. ఆయన “వీడియో ఎప్పుడిస్తావు?” అని అడిగి ఇంకో మాట ఎత్తబోతే “చూద్దాం సార్” అని తలుపు తీసి పట్టుకుంటాడు. అది డబ్ల్యూ.

ఇంత వేగం ఉన్నవాడు పెళ్లి వీడియోను బారసాల దాకా ఎందుకు తేలుస్తాడన్నది ఎవరికైనా వచ్చే అనుమానమే. కోతకు రెండు సెకన్లు మిగులుతాయంటాడు, ఒప్పుకుందాం. మిగిలిన సెకన్లన్నీ కూడబెట్టి మీటలు మార్చుకోవడానికి ఖర్చుపెడతాడు. మొన్న డావిన్చీ రిజాల్వ్ అనే ఇంకో సాఫ్ట్‌వేరుకు మారాడు. కొత్త పనిముట్టు నేర్చుకుంటాడనుకుంటే, అందులోనూ ప్రీమియర్ కీబోర్డే ఎంచుకుని, దాన్ని తన లెక్కలో మళ్లీ మార్చుకున్నాడు. ఇప్పుడు ఆ కంప్యూటరు ముందు ఇంకెవరు కూర్చున్నా ఏ మీట ఏం చేస్తుందో దేవుడికెరుక. అతణ్ణి వేరే స్టూడియోలో కూర్చోబెట్టినా అంతే.

ఎప్పుడైనా చి.ల.సౌ. అని టైటిలు కొట్టి, తెలుగు కీబోర్డును తిరిగి ఇంగ్లీషుకు మార్చడం మరిచిపోతాడు. అప్పుడు క్యూ ఎన్నిసార్లు కొట్టినా క్లిప్ కదలదు. తిట్లు కంప్యూటరుకు. ఇంకో రోజు పాట ట్రాక్‌ను బొమ్మతో పాటు జరిపే సింక్ లాక్ తీసి ఉందని చూడకుండా వరసగా క్యూలు కొట్టేశాడు. బొమ్మ జరిగింది, పాట జరగలేదు. గట్టిమేళం సరిగ్గా పెళ్లికొడుకు ఆవులించే చోట మోగింది. “క్రియేటివ్‌గా ఉంది కదా సార్!” అన్నాడు.

అసలు ప్రమాదం అది కాదు. క్యూకి చుట్టరికం తెలియదు. మూడు సెకన్లు ఖాళీగా నిలబడ్డ ముసలాయన ఇతని కంటికి చెత్త. తీరా చూస్తే ఆయన పెళ్లికొడుకు పెద్దమావయ్య, పందిరి ఖర్చంతా పెట్టుకున్న మనిషి. మూడు కెమెరాలు, ఒక డ్రోను కలిసి తీసిన మూడుగంటల వీడియోలో ఆయన భుజం తప్ప ఏమీ మిగల్లేదు. ఆ వియ్యాలవారి ఇళ్ల మధ్య ఇప్పటికీ మాటల్లేవు.

కాబట్టి మీ ఇంట్లో పెళ్లి ఉంటే అడ్వాన్సుతో పాటు కోయకూడని బంధువుల జాబితా కూడా ఇవ్వండి, మగపెళ్లివారి పేర్లు ముందు రాసి. మిగతా డబ్బు మాత్రం పెన్‌డ్రైవ్ చేతిలో పడ్డాకే.