సందు చుక్కల వైద్యం

మనిషి దిగులుగా కనపడితే పూర్వం దిష్టి తీసేవాళ్లు. ఇప్పుడు హాబీ అంటగడుతున్నారు. రిటైరై ఇంట్లో కూర్చున్నవాడి మీద ఈ దాడి మరీ ఎక్కువ. మా వదిన క్రోషియా నేర్పుతానని సూది పట్టుకొచ్చింది. మా అమ్మాయి అమెరికా నుంచి పెద్దవాళ్ల రంగుల పుస్తకం పంపింది. ఓపిగ్గా ఆకులకి ఆకుపచ్చ వేస్తుంటే, వీడియో కాల్లో మనవడు ‘గీత దాటావు తాతా’ అన్నాడు. ఉన్న ప్రశాంతత కూడా పోయింది.

అలాగని వాళ్ల సలహా తీసిపారేసేది కాదు. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 39 మందికి బంకమట్టి, రంగుల పెన్నులు, కాగితాలు ఇచ్చి, 45 నిమిషాలు ఇష్టమొచ్చింది చేసుకోండన్నారు. ముందొకసారి, తర్వాతొకసారి ఉమ్మి పరీక్షిస్తే, ఒత్తిడికి గుర్తయిన కార్టిసాల్ నూటికి 75 మందిలో తగ్గిందట. బొమ్మలు గీసే అలవాటున్నవాళ్లకీ లేనివాళ్లకీ తేడా ఏమీ లేదట. మరి మిగతావాళ్లకి ఎందుకు తగ్గలేదు? నా అనుమానం ఒకటే. వాళ్ల వెనక ఎవరో నిలబడి చూస్తుండి ఉంటారు.

ఇంతలో మా ఆవిడకి మోకాళ్ల నొప్పులొచ్చి, గుమ్మం ముందు ముగ్గు చార్జి నాకు అప్పగించింది. పిండి డబ్బా, ఓ పాత ముగ్గుల పుస్తకం, బోలెడన్ని సూచనలు. సంతకం ఒక్కటే తీసుకోలేదు.

చిటికెడు పిండి తీసుకుని బొటనవేలు, చూపుడువేలు మధ్య నుంచి జారనివ్వాలి. గట్టిగా నొక్కితే ముద్దగా పడుతుంది, వదిలేస్తే గుట్టగా పడుతుంది. ‘పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేవరకు’ అని పుస్తకంలో ఉంటుంది. అంటే నడిమి వరసలో 15, దానికి పైనా కిందా ఒక్కొక్కటే తగ్గుతూ 8 దాకా. మొత్తం 169. నూట అరవైతొమ్మిది చుక్కలు పెడుతూ పెన్షన్ బకాయిల గురించి బెంగపడటం మానవమాత్రుడి వల్ల కాదు. బెంగపడితే లెక్క తప్పుతుంది, లెక్క చూసుకుంటే బెంగ తప్పుతుంది. వైద్యమంతా అందులోనే ఉంది.

మెలిక ముగ్గు ఇంకో మెట్టు పైన. గీత ప్రతి చుక్కనీ చుట్టి, ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి కలవాలి. తమిళులు వేసే ఇలాంటి ముగ్గుల మీద మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమనీ, ఆయన సహచరులు 1970లలో పరిశోధన చేసి, కంప్యూటర్ శాస్త్రంలో వాటికో వ్యాకరణమే రాశారు. మా ఆవిడ ఆ వ్యాకరణం ఊసు లేకుండానే, పాలు పొంగేలోపు ముగ్గు ముగించి లోపలికొచ్చేది.

అయితే ఈ వైద్యంలో దాపరికం కుదరదు. నా గీత చూసే ఆవిడ నా లోపలి సంగతి చెప్పేస్తుంది. ‘ఇక్కడ లావైంది. కరెంటు బిల్లు గుర్తొచ్చిందా? ఇక్కడ వణికింది. మీ తమ్ముడు ఫోన్ చేశాడా?’ ఈసీజీ తీసినా ఇంత వివరంగా రాదు.

అసలు ప్రమాదం సంక్రాంతికి వచ్చింది. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు ముగ్గుల పోటీ పెట్టారు. అంతే, ధనుర్మాసమంతా ప్రశాంతంగా ముగ్గులేసుకున్న ఆడవాళ్లు ఒకరి పుస్తకం ఒకరికి కనపడకుండా దాచుకోవడం మొదలెట్టారు. నాకూ నిద్ర పట్టలేదు. కళ్లు మూస్తే చుక్కలు. ఎదురింటావిడ పొద్దున్నే వచ్చి ‘అన్నయ్యగారూ, మీకెందుకండీ ఇవన్నీ’ అంటూనే నా వరసలు లెక్కపెట్టుకుని వెళ్లింది. చివరికి ‘నీటిని కాపాడండి’ అని నాలుగు రంగుల్లో రాసిన ముగ్గుకి మొదటి బహుమతిగా స్టీలు బిందె ఇచ్చారు. ఆ రంగులు వదలగొట్టడానికి వాచ్‌మన్‌కి అలాంటి బిందెలు ఏడెనిమిది పట్టాయి.

ముగ్గు గొప్పతనమంతా నిలవకపోవడంలో ఉంది. పాలవాడు తొక్కుతాడు, కుక్క పడుకుంటుంది, మర్నాడు మళ్లీ ఖాళీ వాకిలి. దాన్ని అటకమీద దాచక్కర్లేదు. ‘అమ్మితే ఎంతొస్తుంది’ అని ఏ బావమరిదీ అడగడు. చేతికి పని, మనసుకి సెలవు. బిందె చూపించగానే ఆ సెలవు రద్దయిపోతుంది.

మొన్న డాక్టరుగారు బీపీ చూసి, ‘మాత్రలు అవే, కానీ బాగా తగ్గిందే! కొత్తగా ఏం చేస్తున్నారు?’ అన్నారు. చెప్పాను. ఆయన మందుల చీటీల పుస్తకం నా ముందుకు తోసి, ‘ఆ సందు చుక్కలేవో ఒకసారి పెట్టి చూపించండి’ అన్నారు. తల వంచుకుని పెడుతుంటే, నా భుజం మీంచి కాంపౌండరు తొంగిచూసి అన్నాడు: ‘సార్, మూడో వరసలో ఒకటి ఎక్కువైంది.’

డాక్టరుగారు అప్పుడు గనక ఇంకోసారి బీపీ చూసి ఉంటే, మరో మాత్ర రాసేవారే.