ద్వారకా నగర్ చేపలు

చేప మనసు తెలుసుకోవాలంటే ద్వారకా నగర్ వాళ్లు చెరువు దాకా వెళ్లక్కర్లేదు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు దిగి డైమండ్ పార్కు వైపు నడిస్తే చాలు. నాలుగడుగులు వేశామో లేదో ఒక కుర్రాడు చేతిలో కాగితం కుక్కుతాడు: బ్యాంకు పరీక్షలకు కోచింగ్. ఇంకాస్త ముందుకెళ్తే ఇంకో కాగితం: ఆనందపురం దాటాక ప్లాట్లు, రిజిస్ట్రేషన్ ఖర్చులు మావే. చీరల కొట్టు ముందు నిలబడ్డ మనిషి, "రండమ్మా, చూడ్డానికి డబ్బులేం అడగం" అంటాడు. ఎర, దాని పక్కన ఇంకో ఎర. ఈ వీధుల్లో ఏళ్ల తరబడి తిరిగినవాణ్ణి గమనించండి. చేతులు జేబుల్లో ఉంటాయి, చూపు నేల మీద ఉంటుంది. కాగితం ఏ పక్కనుంచి వస్తోందో చూడకుండానే ఆ భుజం అంగుళం వెనక్కి జరుగుతుంది. ఇవాళ పొద్దున్నే పలాస నుంచి దిగినవాడు మాత్రం ఇచ్చిన ప్రతిదీ పుచ్చుకుని, పాపం, సాయంత్రానికి ఏదో ఒక ప్లాటుకి అడ్వాన్సు కట్టేసి ఉంటాడు.

ఈ విద్య వంటబట్టినవాణ్ణి కాబట్టే, మా బావమరిది డాలస్ నుంచి వచ్చి బాస్ చేపల పాఠం మొదలెట్టినప్పుడు సగం చెప్పకముందే నాకు అర్థమైపోయింది. అక్కడ సెలవు దొరికితే చాలు, లేక్ ఫోర్క్ అనే రిజర్వాయరులో పడవ మీద ఉంటాడు. చేపలు పడతాడు గానీ తినడు. ఆ నీళ్లలో 16 నుంచి 24 అంగుళాల మధ్య పొడవున్న బాస్‌ని పట్టినా వదిలెయ్యాల్సిందేనని టెక్సాస్ వాళ్ల రూలు. 24 దాటినవాటిలో రోజుకి ఒక్కటి మాత్రం ఉంచుకోవచ్చు. అంచేత అక్కడ నడివయసు చేపకి ప్రాణభయం లేదు గానీ, శని ఆదివారాల్లో మనశ్శాంతీ లేదు. గాలం, ఫోటో, నీళ్లు. మళ్లీ గాలం, మళ్లీ ఫోటో, మళ్లీ నీళ్లు.

"పడవ మోటారు చప్పుడు వినగానే లోతుకి జారుకుంటాయి బావా. నిన్న మొన్నటి బొమ్మ వేస్తే మొహం కూడా చూపించవు" అన్నాడు.

పెట్టె తెరిచాడు. మా భోజనాల బల్ల మీదే. మూత తియ్యగానే మా ఆవిడ వంటింట్లోంచి "పొయ్యి మీద ఏం పెట్టకుండానే పోపు వాసన ఎక్కణ్ణించి?" అంటూ వచ్చింది. రబ్బరు వానపాములవి. ఒక్కో అరలో ఒక్కో రంగు. ఒకదాని పేరు పచ్చగుమ్మడి రంగు. వాటిని పోతపోసేటప్పుడే ఉప్పు కలుపుతారట, బరువుగా మునగడానికీ, నోట్లో పెట్టుకున్న చేప వెంటనే ఉమ్మెయ్యకుండా ఉండడానికీ. కొన్నిటికి వెల్లుల్లి కూడా పట్టించారు. మా ఆవిడ ఒకదాన్ని రెండు వేళ్లతో ఎత్తి వాసన చూసి, "ఉప్పూ వెల్లుల్లీ వేశారు సరే, రెండు ఎండుమిరపకాయలు కూడా నూరి ఉంటే మనమే తినేసేవాళ్లం కదరా" అంది.

వానపాముల కింది అరలో కొయ్య చేపలు. వీటి పుట్టుక కథ నాకు నచ్చింది. ఫిన్లాండులో లౌరీ రాపాలా అనే మత్స్యకారుడు, గుంపులో కుంటుతూ ఈదే చిన్న చేపనే పెద్ద చేప ఎంచుకుంటుందని గమనించి, 1936లో బెండు ముక్క చెక్కి, చాక్లెట్ల వెండి కాగితం చుట్టి, కరిగించిన ఫోటో నెగెటివులతో పూత పూశాడు. అది తిన్నగా ఈదదు, కుంటుతుంది. అందులోనే ఉంది దాని సంపాదన అంతా.

ఇక ఏమారని చేపలకి వేసే ఎత్తుల సంగతి. గాలాలు ఎడతెగకుండా పడే చెరువులో పెద్ద బొమ్మా, గిలక్కాయ చప్పుడూ పనికిరావు. చేపకి తల దగ్గర్నించి తోక దాకా ఒంటి పక్కన ఒక గీత ఉంటుంది. నీటిలో చిన్న కదలికని కూడా దాంతో పసిగడుతుంది. గట్టు మీద మన చెప్పుల దబదబ కూడా దానికి కబురే. అందుకని దారం సన్నం చెయ్యాలి, నీళ్లలో ఇంచుమించు కనపడని ఫ్లోరోకార్బన్ దారం కట్టాలి, ఎర చిటికెన వేలంత ఉండాలి. డ్రాప్ షాట్ అని ఒక పద్ధతి ఉంది. సీసపు గుండు దారం చివర్న, కొక్కెం దానికి మూరెడు పైన. గుండు అడుగున కూర్చుంటుంది, పురుగు ఉన్నచోటే వేలాడుతూ వణుకుతుంది. లాగకూడదు. కర్ర కొసని కాస్త అదిలించి ఊరుకోవాలి.

"అంత కష్టం దేనికి?" అంది మా ఆవిడ.

నేను చెప్పాను. పౌర గ్రంథాలయం నుంచి వచ్చే దారిలో ఒక చిన్న కొట్టుంది. బయట ఎవరూ పిలవరు, బోర్డు సగం చెరిగిపోయింది, లోపల ముసలాయన పేపరు చదువుకుంటూ తలెత్తడు. మనల్ని ఎవరూ రమ్మనలేదు కదా అనే ధీమాతో మనంతట మనమే లోపలికి వెళ్లి, అక్కర్లేని గొడుగు కొనుక్కుని వస్తాం. అదీ డ్రాప్ షాట్. బావమరిది నన్ను కొత్త గౌరవంతో చూశాడు.

ఈ చేపల తెలివి వట్టి గాలం రాయుళ్ల గొప్పలు కాదు. కొక్కెం ఒక్కసారి తగిలిన కార్పు చేప ఏడాది దాకా ఆ ఎర జోలికి రావడం తగ్గించేస్తుందని నెదర్లాండ్స్‌లో బోకెమా అనే శాస్త్రవేత్త 1970లోనే రాశాడు. ఇంకా రుచికరమైనది ఇల్లినాయ్‌లోని రిడ్జ్ లేక్ కథ. 1975లో మొదలెట్టి, దొరికిన ప్రతి బాస్‌కీ గుర్తు వేసి వదిలారు. నాలుగేళ్ల తర్వాత చెరువు తోడేసి లెక్కపెడితే 1700 పైచిలుకు చేపలు తేలాయి. వాటిలో ఓ 200 నాలుగేళ్లూ అక్కడే ఉండి ఒక్కసారి కూడా గాలానికి చిక్కలేదు. ఇంకో మహానుభావుడు ఒకే ఏడాదిలో 16 సార్లు చిక్కాడు. ప్రతి బంపర్ డ్రాకీ కూపన్ నింపే బంధువు ఎవరింట్లో లేడు చెప్పండి. ఆ తర్వాత చిక్కే చేపల్నీ చిక్కని చేపల్నీ వేరువేరుగా పిల్లలు పెట్టించి మూడు తరాలు చూశారు. తరతరానికీ తేడా పెరిగింది. జాగ్రత్త రక్తంలో ఉందన్నమాట.

ఇక్కడే నాకు మన చెరువుల చేపల మీద మర్యాద పుట్టింది. టెక్సాస్ చేప దెబ్బ తిని నేర్చుకుంటుంది, దానికి రెండో అవకాశం ఉంది. మన చెరువులో దొరికిన చేప నేర్చుకున్నదేదైనా పులుసులోకే పోతుంది. వందల ఏళ్లుగా మనవాళ్లు ఆశపోతుల్నీ, అమాయకుల్నీ, ముందూ వెనకా చూడని శూరుల్నీ ఏరుకు తినేశారు. మిగిలినవన్నీ ఆ రిడ్జ్ లేక్ 200కి అన్నదమ్ముల సంతానమే. నాకు తోచిన లెక్క ఇది, బావమరిది ఒప్పుకోలేదు.

"మీ చేపలకి ఇంతవరకూ ఇలాంటి టెక్నిక్కే పడలేదు బావా. చూస్తూ ఉండు" అన్నాడు.

ఆనందపురం అవతల ఒక ఊళ్లో తెలిసినవాళ్ల ద్వారా చెరువు పాట పాడుకున్న ఆయన్ని పట్టుకున్నాం. మన దగ్గర బాస్‌కి సాటి అనదగ్గది కొర్రమీను. అదీ నాచుల్లో, తూడుల్లో నక్కి మాటు వేస్తుంది, కప్ప కనపడితే ఒక్క ఉరుకు. దానికో బలహీనత ఉంది. గాలి పీల్చకపోతే బతకదు, కాబట్టి అప్పుడప్పుడూ పైకొచ్చి గుటక వేస్తుంది. ఆకుల మధ్య "బుడుంగు" మని ఒక బుడగ లేస్తే, దొరగారి చిరునామా దొరికినట్టే. ఎర్రటి పిల్లలు బంతిలా గుమిగూడి తేలుతుంటే తల్లీ తండ్రీ కిందే కాపలా ఉంటాయి. ఆ బంతి మీదికి బొమ్మ విసిరితే ఆకలి లేకపోయినా కోపంతో కొరుకుతాయి. బాస్‌లో గూడు కాసేది తండ్రి ఒక్కడే. గాలానికి తేలిగ్గా చిక్కేవాళ్లలో మంచి తండ్రులే ఎక్కువని కూడా తేల్చారు. బిడ్డల్ని అడ్డం పెట్టి పట్టే ఆ వేట నాకు సుతరామూ నచ్చదు. బావమరిదికీ నచ్చదు, అది అతనిలో మెచ్చుకోవలసిన గుణం.

అతను బోలు రబ్బరు కప్పని తీశాడు. కొక్కేలు రెండూ కప్ప వీపుకి అతుక్కుని ఉంటాయి, ఆకుల్లో చిక్కుకోవు; చేప నొక్కినప్పుడే బయటపడతాయి. దీనికి మాత్రం సన్నదారం కుదరదు, తూడులోంచి లాగాలి కనక అల్లిన దారం. గట్టు మీద ఒక పెద్దాయన బీడీ వెలిగించుకుంటూ చూశాడు.

"ఏటి బాబూ, రబ్బరు కప్పా? సేపకి కళ్లు నేవనుకున్నారేటి?"

బావమరిది అతనికి లేక్ ఫోర్క్ రికార్డు గురించి చెప్పాడు: 1992 జనవరిలో పడింది, 18.18 పౌన్లు, అంటే ఎనిమిది కిలోల పైన. పెద్దాయన ఒకే ప్రశ్న అడిగాడు, ఎర ఏంటని. బతికున్న చిన్న చేప అని చెప్పక తప్పలేదు. అదీ వేరే రకం చేప కోసం వేసింది. మరి ప్రపంచ రికార్డు? జార్జియాలో జార్జ్ పెర్రీ 1932లో పట్టింది పది కిలోల పైన. ఇంటికి తీసుకెళ్లి వండుకున్నారు. దాంతో సమానమైంది 2009లో జపాన్ బీవా సరస్సులో మనాబు కురితా పట్టింది. ఆయన మాట నమ్మడానికి అబద్ధాలు పట్టే యంత్రం ముందు కూడా కూర్చోబెట్టారు. "ఎర?" అన్నాడు పెద్దాయన. కురితా వేసిందీ బతికున్న చేపే. పెద్దాయన బీడీ పొగ వదిలి ఇంకేం మాట్లాడలేదు.

కప్ప ఆకుల మీద పడింది. రెండు గెంతులు, ఆగడం. మళ్లీ ఒక గెంతు, ఆగడం. చాలాసేపటికి, ఆకులు పైకి లేచి, నీళ్లు పగిలాయి. నేను "లాగు!" అని అరిచాను. అతను లాగలేదు. కప్ప కనపడకుండా పోయినా, దారం పక్కకి కదిలేదాకా ఊపిరి బిగబట్టాడు. చేప కప్పని నోట్లో సర్దుకోకముందే లాగితే ఖాళీ కప్ప వచ్చి మన మొహానికి తగులుతుందట. అప్పుడు కొట్టాడు. కర్ర సగానికి వంగింది. గట్టుకి వచ్చింది కొర్రమీను, నల్లటి వీపు, పాము తల, మోచెయ్యంత పొడవు.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. నేను చప్పట్లు కొట్టాను. బావమరిది కొక్కెం నెమ్మదిగా తీసి, చేపని రెండు చేతులా పట్టుకుని, నాచేత ఫోటో తీయించుకుని, అలవాటు ప్రకారం నీళ్లలో వదిలేశాడు.

"ఓలమ్మో, ఒగ్గీసినారేటి!" పాట పాడుకున్న ఆయన చెరువు అవతల్నించి పంచె ఎగగట్టుకుని వచ్చాడు. "సెరువు పాట డబ్బులు నానిచ్చాను బాబూ, మీ అమెరికా ఇచ్చిందేటి?"

ధర దగ్గర తేడా రాలేదు, బరువు దగ్గర వచ్చింది. నీళ్లలో ఉన్న చేపని తూచడం ఎలా? కిలో అన్నాడు బావమరిది. కిలోన్నర అన్నాడాయన. ఫోటో చూపించి, అందులోని బావమరిది చేతి వాచీతో పోల్చి, పెద్దాయన్ని మధ్యవర్తిగా పెట్టి, కిలోంబావుకి తెగ్గొట్టాం. బావమరిది పర్సు తీశాడు.

"అది సేప కరీదు బాబూ" అన్నాడాయన డబ్బులు మడతపెట్టి రొండిన దోపుకుంటూ. "ఇప్పుడు దానికి కప్ప గుట్టు తెలిసిపోనాది. రేపు దాని పిల్లలకీ సెప్పుద్ది. దానికేటిస్తారు?"