ఊరు మాది, పేరు వాళ్లది

కొత్తవాళ్లెవరైనా "మీదే ఊరండీ?" అని అడిగితే పాల్వంచవాడు వెంటనే జవాబు చెప్పడు. ముందు ఎదుటివాడి మొహం చూస్తాడు. ఖమ్మం వైపు మనిషిలా కనిపిస్తే "పాల్వంచ" అంటాడు. కాకపోతే "భద్రాచలం దగ్గరండీ" అంటాడు. ఆ 'దగ్గర' అనే మాట అవతలివాళ్ల చెవిన పడదు. "ఓహో, భద్రాచలమా! అదృష్టవంతులు, రోజూ రాములవారి దర్శనం" అని మనకే దణ్ణం పెట్టేస్తారు. మధ్యలో పాతిక కిలోమీటర్లకు పైగా రోడ్డు, ఆ పైన గోదావరి ఉన్నాయని చెప్పేలోపే తలంబ్రాలు కాసిని పంపించమని ఫోన్ నంబరు ఇచ్చేస్తారు.

మా పేరు పక్కూళ్లకు పోయే ఈ జబ్బు ఈనాటిది కాదు. పదిహేడో శతాబ్దంలో కంచర్ల గోపన్న చేసింది పాల్వంచ పరగణా తహసీల్దారు ఉద్యోగం. వసూలైంది మా పరగణా శిస్తు. గుడి లేచింది భద్రాచలంలో. సర్కారు సొమ్ము దేవుడి ఖాతాలో పడిందని సుల్తాను తానీషా ఆయన్ని గోల్కొండలో ఖైదు చేశాడు. ఆ తర్వాత పేర్లు ఎలా పంచుకున్నారో చూడండి. ఆయన భద్రాచల రామదాసు అయ్యాడు. పుట్టిన నేలకొండపల్లికి పుణ్యం దక్కింది. చివరికి బంధించిన గోల్కొండ కూడా, ఇదిగో రామదాసు బందీఖానా అని వచ్చినవాళ్లకు చూపించుకుంటోంది. శిస్తు కట్టిన పాల్వంచ మాత్రం ఆడిట్ అభ్యంతరంలో మిగిలిపోయింది.

సరే, రాజులైనా మా పేరు నిలబెట్టారా అంటే, అదీ లేదు. పాల్వంచ సంస్థానాన్ని ఏలినవాళ్లు అశ్వారావులు. వాళ్ల పేరు అశ్వారావుపేటకు అతికింది, మాకు కాదు. 1860లో నిజాం భద్రాచలం వైపు గోదావరి తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు అప్పగించేశాడు. దాంతో తహసీల్దారు పాల్వంచలో, ఆయన కట్టిన గుడి పరాయి సర్కారులో అన్నట్టయింది. 1959లో గానీ భద్రాచలం ఖమ్మం జిల్లాలోకి రాలేదు. వచ్చీ రాగానే, ముందునుంచీ ఇక్కడే ఉన్న మమ్మల్ని 'భద్రాచలం దగ్గర' చేసేసింది.

రైల్వేవాళ్ల హాస్యం ఇంకో రకం. భద్రాచలం రోడ్ అనే స్టేషన్ కొత్తగూడెంలో ఉంది. ఆ పేరు నమ్మి దిగినవాళ్లు గోదావరి స్నానానికి తువ్వాలు భుజాన వేసుకుని బయటికొస్తారు. గోదావరి ఇంకో నలభై కిలోమీటర్లుందని ఆటోవాళ్లు చాలా సంతోషంగా చెబుతారు. ఆ దారిలో పాల్వంచ వస్తుంది, పోతుంది. మా ఊరికి రైలు లేదని మాత్రం అనకండి. ఉంది. బొగ్గుకి ఉంది. బొగ్గు దర్జాగా వ్యాగన్లలో పవర్ స్టేషన్ దాకా వెళుతుంది. మనిషి కొత్తగూడెంలో దిగి బస్సులో నిలబడి వస్తాడు.

ఆ పవర్ స్టేషన్ కథే అసలు కథ. ఉన్నది పాల్వంచలో. పేరు కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్. 1966లో అరవై మెగావాట్ల యూనిట్‌తో మొదలైంది. ఇప్పుడు ఒక్క ఏడో దశ యూనిట్టే ఎనిమిది వందల మెగావాట్లు. దానికి నీళ్లు కావాలని కిన్నెరసాని మీద ఆనకట్ట కట్టారు. విశ్వనాథవారి పాటల్లో ఏరై పారుతూ, రాయిగా మారిన భర్తను వదల్లేక కుమిలిన ఆ కిన్నెర, మా దగ్గరికొచ్చేసరికి థర్మల్లో పర్మినెంట్ ఉద్యోగి అయింది. డ్యామ్ చూడ్డానికి వెళితే జింకల పార్కు, చుట్టూ అభయారణ్యం, నీళ్లలో మొసళ్లు. రిటైరైన ఇంజినీర్ల కంటే ఆ మొసళ్లే హాయిగా ఎండ కాగుతూ కనిపిస్తాయి.

1969 తెలంగాణ ఉద్యమం ఈ థర్మల్ ఉద్యోగాల దగ్గరే రాజుకుంది. స్థానికులకు రావలసిన కొలువులు బయటివాళ్లకు పోతున్నాయని రక్షణల కోసం మొదలైన గొడవ అది. చరిత్ర పుస్తకం తెరిస్తే ఏముంటుంది? 'కొత్తగూడెం థర్మల్‌లో అసంతృప్తి, ఖమ్మంలో విద్యార్థి రవీంద్రనాథ్ నిరాహార దీక్ష.' రెండూ నిజమే. నిప్పు పడిన చోటి పేరు మాత్రం ఇక్కడా మాయం.

ఇక కరెంటు. మా దగ్గర కరెంటు అంటే అత్తారింటికి పంపడానికే కన్న కూతురు. ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, పెద్ద పెద్ద టవర్ల మీదుగా హైదరాబాద్ వెళ్లిపోతుంది. పుట్టింటికి ఎప్పుడైనా రాకపోతే మేం విసనకర్ర తీసుకుంటాం గానీ నిష్ఠూరమాడం.

థర్మల్ మూలాన ఊరికి గోత్రాల్లాంటి కాలనీలు వచ్చాయి. ఎ కాలనీ, బి కాలనీ, సి కాలనీ. బస్టాండ్‌లో ఇద్దరు కలిస్తే "ఏం బాబాయ్, బాగున్నవా?" కంటే ముందు "ఏ షిఫ్టు?" అని పలకరింపు. నైట్ షిఫ్టు చేసొచ్చినవాడు పగలు పడుకున్న వీధిలో పెళ్లి బ్యాండుకు కూడా కాస్త మొహమాటం ఉంటుంది. కృష్ణా, గుంటూరు నుంచి వచ్చినవాళ్లు, చుట్టుపక్కల గూడేల కోయలు, సింగరేణి చుట్టాలు, అంతా కలిసి మాట్లాడే తెలుగు విని మీది ఏ జిల్లా అని ఎవరూ తేల్చలేరు.

పరిశ్రమలకూ కొదవ లేదు. బొగ్గుతో స్పాంజ్ ఐరన్ చేయడం మన దేశంలో మొదట చూపించింది మా ఊరే. కోకింగ్ బొగ్గు అక్కర్లేకుండా, ఇనుప ఖనిజాన్ని కరిగించకుండానే తిరిగే కొలిమిలో దానిలోని ఆక్సిజన్‌ను లాగేస్తారు. మిగిలేది రంధ్రాల ఇనుము. 1975లో పెట్టిన ఆ కంపెనీకి పాల్వంచ పేరు పెట్టారా? స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్ అన్నారు. పక్కన ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ వస్తే అది నవభారత్. మా దగ్గర పేరు పెట్టాలంటే కొత్తగూడెమైనా ఉండాలి, లేదా ఏకంగా దేశమైనా ఉండాలి. 2010లో స్పాంజ్ ఐరన్ వెళ్లి ఎన్‌ఎండీసీలో కలిసింది. అలా ఇండియా కూడా పోయింది.

పేరు నిలుపుకోవడం ఎలాగో తెలిసిన ఊళ్లూ ఉన్నాయి. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో కాకర్ సిటీ అని ఓ చిన్న ఊరుంది. కొన్ని వందలమంది జనం. 1953లో ఒక రైతు పురికొస ఉండ చుట్టడం మొదలుపెట్టాడు. ఊరంతా చుడుతూనే ఉంది, ప్రపంచంలోకెల్లా పెద్ద ఉండ మాదేనంటూ ఏటేటా జాతర చేస్తారు. దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూస్తారు. మాకు ఎనిమిది కూలింగ్ టవర్లుండేవి. కొత్తగూడెం దాటగానే కనిపించేవి. పాత ప్లాంటు మూతపడ్డాక, 2024 ఆగస్టు 5న, వాటన్నిటినీ ఒక్కరోజే పేల్చి కూల్చారు. జనం మేడలెక్కి వీడియోలు తీశారు. వాట్సాప్‌లో ఆ వీడియోల కింద ఏముందంటారా? 'కొత్తగూడెం టవర్లు కూల్చివేత.'

మేమూ ఒక్కసారి ఎదురు దెబ్బ కొట్టాం. భద్రాచలం వెళ్లే దారిలో పెద్దమ్మతల్లి గుడి ఉంది. లారీ డ్రైవరు అక్కడ ఆగి కొబ్బరికాయ కొట్టకుండా బండి ముందుకు పోనివ్వడు. అమ్మవారు వెలసింది కేశవాపురం, జగన్నాథపురం ఊళ్ల దగ్గర. లోకమంతా పిలిచేది పాల్వంచ పెద్దమ్మ అని! ఆ రెండు ఊళ్లవాళ్లు మా గురించి ఏమనుకుంటున్నారో నేను ఎన్నడూ అడగలేదు, అడిగే ఉద్దేశమూ లేదు.

మాది ఏజెన్సీ ప్రాంతం కావడంతో చట్టపు చిక్కుల్లో పడి మున్సిపాలిటీకి దశాబ్దాల తరబడి ఎన్నికలే జరగలేదు. అన్నాళ్లూ కొత్తగా ఓడిపోయిన కౌన్సిలర్ ఒక్కడూ ఊళ్లో పుట్టలేదు, ఆ ప్రశాంతత వేరు. 2016లో జిల్లా పుట్టింది, పేరు భద్రాద్రి కొత్తగూడెం. పొరుగువాళ్లిద్దరికీ చోటు సరిపోయింది. 2025లో పాల్వంచ మున్సిపాలిటీని కొత్తగూడెం కార్పొరేషన్‌లో కలిపేశారు. ఇప్పుడు ఇంటిపన్ను కూడా కొత్తగూడెం పేరు మీదే.

కాబట్టి భద్రాచలం వెళ్లే భక్తులకు ఒక్క విన్నపం. బస్సు మా ఊళ్లో ఎలాగూ ఆగుతుంది. దిగండి. టీ తాగండి, కిన్నెరసాని చూడండి, పెద్దమ్మకు దణ్ణం పెట్టండి, తర్వాత రాములవారి దగ్గరికి వెళ్లండి. ఇంటికెళ్లాక ఎక్కడెక్కడ తిరిగొచ్చారని ఎవరైనా అడిగితే, ముందు పాల్వంచ అని చెప్పండి.